చదివి వినిపించాకే వేలిముద్ర

"చదివిపిచ్చుకున్నవా?" అన్నాడు మా ఆయన.

"ఆఁ, చదివిపిచ్చుకున్న," అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. హయత్‌నగర్ దగ్గరి దవాఖానలో, ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు నర్సమ్మ ఒక కాగితం తెచ్చింది. ఇంటివాళ్ళ సంతకం కావాలంది. పెట్టాను. ఆయన చక్రాల మంచం మీద నుంచి అడిగింది ఆ కాగితం సంగతే. నేను చెప్పింది అబద్ధం. దాన్ని నాకు ఎవరూ చదవలేదు, చదవమని నేను అడగనూ లేదు. మంచం కదులుతోంది, ఆయన నా ముఖమే చూస్తున్నాడు, ఆ మాట అనేశాను. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. ఆపరేషన్ బాగానే అయిందన్నారు కానీ మళ్ళీ తెలివి రాలేదు. మూడో రోజు పోయాడు.

ఆ కాగితంలో తప్పేమీ లేదని మనుమరాలు కవిత తర్వాత చూసి చెప్పింది. అయినా ఆ అబద్ధం నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకు గుచ్చుకుంటోందో చెప్పాలంటే ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. నేను చెబుతున్నాను, కవిత రాస్తోంది. నాకు రాయవచ్చింది నా పేరు ఒక్కటే. అది ఎలా వచ్చిందో కూడా ఇందులోనే ఉంది.

నిజాం సర్కారును దించిన పోలీస్ యాక్షన్ అయిన తర్వాత వచ్చిన చలికాలంలో మా ఆయనను ఇబ్రహీంపట్నం పెద్దచెరువు అవతల, మూతబడిన బియ్యం గిర్నీలో, అంటే మిల్లులో, పెట్టిన పోలీసు క్యాంపుకు వేశారు. మొగని పేరు చెప్పకూడదంటారు, కానీ కాగితంలో పేరు ఉండాలి కాబట్టి చెబుతున్నాను, నర్సింహ. అప్పుడు ఆయన జవాను, అంటే ఇప్పటి కానిస్టేబుల్. జవాను మీద జమేదారు, జమేదారు మీద అమీను. అమీను కుర్చీలో ఆ ఏడాది కోస్తా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఆయనకు ఉర్దూ రాదు. ఠాణా రాతకోతలన్నీ ఇంకా ఉర్దూలోనే నడుస్తున్నాయి. అందుకని రాసేవాడు, మొహర్రిరు అంటారు, ఆయన ఏది రాస్తే అదే రాత.

మా ఆయన పోలీసులోకి రాకముందు ఫౌజులో ఉన్నాడు. పెద్ద లడాయిలో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా దాకా పోయి వచ్చాడు. లడాయి అయిపోయిన నెలలో ఒక కాగితం పెట్టి వేలిముద్ర వెయ్యమంటే, సెలవు కాగితం అనుకుని వేశాడట. అది ఇంకో రెండేళ్ళు కొలువులో ఉంటానని ఒప్పుకున్న కాగితం. ఆ రెండేళ్ళలో వాళ్ళమ్మ పోయింది. ఆ కోపంతో బారక్‌లోనే కూర్చుని ఉర్దూ, తెలుగు రెండూ నేర్చుకున్నాడు. ఇది ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజుల్లో పాత సర్కారు పోలీసుల్లో ఎవరిని ఉంచాలి, ఎవరిని ఇంటికి పంపాలి అని జాబితా తయారవుతోంది. కమ్యూనిస్టుల మీద మెత్తగా ఉన్నాడని ఒక్క మాట పడితే చాలు, పేరు కొట్టేస్తారు. నాకు పదహారేళ్ళు, అయిదో నెల. మా ఇల్లు గిర్నీ వెనక రేకుల కొట్టం. ఆ జాబితా మాటే నా చెవిలో ఎప్పుడూ మోగుతుండేది.

ఇక నా పని. ఆడమనిషిని పట్టుకొస్తే బట్టలు వెతకడానికి ఆడమనిషే ఉండాలి. జామాతలాషీ అనేవాళ్ళు దాన్ని. పోలీసులో ఆడవాళ్ళు లేరు కాబట్టి జవాన్ల పెండ్లాలను పిలిచేవాళ్ళు. జీతం లేదు, పేరు లేదు.

ఒక పొద్దున చెరువుకట్ట కింది పల్లె నుంచి ఎనిమిది మందిని తెచ్చారు. రెండు రోజుల కిందట ఆ పల్లెలో కమ్యూనిస్టు దళం వాళ్ళు అన్నం తిని పోయారని కబురు. ఎనిమిది మందిలో ఒక్కతే ఆడమనిషి, పోశవ్వ. చేపలు పట్టుకుని బతికే ముసలామె. నన్ను పిలిచారు. గిర్నీలో తట్టు గోనెలు కట్టిన మూలకు తీసుకుపోయి వెతికాను. నడుముకు కట్టిన సంచిలో పొగాకు, సున్నపు డబ్బా, రెండు గాలాలు ఉన్నాయి. గాలాలను ఉత్త వేళ్ళతో పైకి తీయబోయాను.

"పైలం బిడ్డా, గాలం గుచ్చుకుంటది," అంది పోశవ్వ. "చాపకు లేని తెలివి నీకన్న ఉండాలె గద."

వెతికిన తర్వాత బయాన్, అంటే వాంగ్మూలం. అడిగింది చెప్పాలి, మొహర్రిరు రాయాలి, కింద వేలిముద్ర వెయ్యాలి. వేలు పట్టుకుని సిరా పూసి కాగితం మీద దొర్లించడం జవాను పని. మొదటి ఏడుగురి వేళ్ళు ఇంకో జవాను పట్టాడు. అతను అన్నానికి పోతే ఆ చోట మా ఆయన కూర్చున్నాడు. మొహర్రిరు చెడ్డమనిషి కాదు. ముందురోజు నుంచి రాస్తూనే ఉన్నాడు, చెయ్యి గుంజుతోంది. మొదటివాడి బయాన్ ఒకటి రాసి, మిగిలినవి దాన్ని చూసి దించాడు.

పోశవ్వ వేలికి సిరా పూయడం అయిపోయింది. మా ఆయన వేలు వదిలి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"అవ్వా, జర ఆగు. ఇండ్ల ఏం రాసిండ్రో చదువుత, ఇను."

"నర్సిములూ, ఏడుగురు ఏసిండ్రు గద," అన్నాడు మొహర్రిరు. "గీ ముసల్దానికి ఏం తెలుస్తది?"

"తెల్వకనే గద సాబ్, చదువుడు."

నేను గోనెల పక్కన నిలబడి వద్దని తల ఊపుతున్నాను. చూశాడు. చూసి, ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగులోకి తిప్పి చదివాడు. తుపాకులు చూపి బెదిరిస్తే భయపడి అన్నం పెట్టానని, వచ్చినవాళ్ళలో తమ పల్లె కిష్టయ్య, రాములు, ఎంకటి ఉన్నారని, కళ్ళారా చూశానని ఉంది అందులో. అది అలాగే ఉండి వేలిముద్ర పడితే పోశవ్వ ఇంటికి పోతుంది. ఆ ముగ్గురి కోసం జీపు పోతుంది.

"భయమా?" అంది పోశవ్వ. "ఆకలైతుందవ్వా అన్నరు. గట్క ఉండె, చాపల పులుసు ఉండె, పెట్టిన. భయపడి పెట్టేదాన్నైతే ఉప్పు కారం గంత సక్కగ ఎందుకేస్త?"

"మరి ముగ్గురి పేర్లు?"

"దీపం యాడిది కొడుకా? చీకట్ల మొఖాలెట్ల కనపడ్తయి? కిష్టిగాడు నా వలల చాపలు దొంగతనం చేస్తడు, వాడంటే నాకు మంట. అయితే మాత్రం చూడనోన్ని చూసిన్నని ఎట్లనాలె?"

మా ఆయన గొంతు తగ్గించాడు. "అవ్వా, ఇష్టంతోటి పెట్టిన అంటే నిన్ను ఈడనే ఉంచుతరు. ఎరికేనా?"

"ఉంచుతే ఉంచనీ. మీకే వండుకుంట ఉంట."

నాకు మా ఆయన మీద కోపం వచ్చింది. ఆ ముసలామెను తీసుకుపోయి నూతిలో దింపినట్టు అనిపించింది. చదవకపోతే ఈపాటికి ఆమె కట్ట ఎక్కి ఇంటికి పోయేది, మా పేరు జాబితాలో భద్రంగా ఉండేది. ఆ ముగ్గురు నాకు అప్పుడు గుర్తే రాలేదు, ఉన్న మాట చెబుతున్నాను.

మాటలు విని ఇన్‌స్పెక్టరు లోపలి గది నుంచి వచ్చాడు. వెనక జమేదారు. మా ఆయన సెల్యూట్ కొట్టి, కాగితంలో ఉన్నదేమిటో, ఆమె చెప్పినదేమిటో రెండూ వరుసగా చెప్పాడు. ఒక్క మాట అటూ ఇటూ చెయ్యలేదు.

"ఇష్టంగా అన్నం పెట్టానంటే నేరమమ్మా, తెలుసా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మొన్న నీ జమేదారొచ్చి ఆకలైతుందన్నడు, ఆయనకు గూడ పెట్టిన. రెండుసార్లు ఏయించుకున్నడు. మరి గాయన బయానేది?"

జమేదారు దూలాలు చూస్తున్నాడు.

"ఏం జమేదార్, నిజమేనా?"

"నిజమే సార్," అన్నాడు. కొంచెం ఆగి, "పులుసు బాగుండె," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ఆ ఏడు కాగితాలు తెప్పించి, ఒక్కొక్కరిని పిలిచి చదివి వినిపించమని మా ఆయనకు చెప్పాడు. ఏడింటిలో అవే మాటలు, అవే మూడు పేర్లు, అదే వరుసలో. అయిదుగురు మేము పేర్లు చెప్పలేదన్నారు. ఇద్దరు తల వంచుకుని నిలబడ్డారు. మొదటి బయాన్ ఇచ్చినవాడు ఆ ఇద్దరిలో ఒకడు. ఇన్‌స్పెక్టరు మొహర్రిరును తిట్టలేదు. అన్నీ మళ్ళీ రాయమన్నాడు, అంతే. పోశవ్వ బయాన్ కొత్తగా ఇలా రాశారు: ఆకలి అని ఎవరు వచ్చినా పెడతాను. దళం వాళ్ళకు పెట్టాను, పోలీసులకూ పెట్టాను. చీకటిలో ముఖాలు చూడలేదు.

"ఈవిడ మీద కేసు రాస్తే మన జమేదారును కూడా ముద్దాయిగా చూపించాలి," అని ఆమెను పంపించేశాడు. తిరగరాసిన బయాన్లలో ఆ మూడు పేర్లు లేవు కాబట్టి ఆ ముగ్గురి కోసం జీపు పోలేదు. కిష్టయ్య ఆ తర్వాత కూడా పోశవ్వ వలలో చేపలు దొంగిలించడం మానలేదు, ఆమె వాణ్ణి తిట్టడమూ మానలేదు.

పంపే ముందు ఒక పని మిగిలింది. చదివి వినిపించగా విన్న సాక్షి ఎవరు అని అడిగాడు ఇన్‌స్పెక్టరు. గోనెల పక్కన నేను ఉన్నాను. వేలిముద్ర వేశాను, అది కూడా మా ఆయన నాకు మళ్ళీ మొత్తం చదివిన తర్వాతే. ఆ సాయంత్రం గిర్నీ గోడ మీద బొగ్గుతో నా పేరు రాసి దిద్దించాడు. సత్తెమ్మ. మూడే అక్షరాలు, కింద రెండు ఒత్తులు. ఆ తర్వాత ఎన్ని తలాషీలు చేశానో, అన్ని కాగితాల మీద ఆ మూడు అక్షరాలు ఉంటాయి. జీతం అప్పుడూ రాలేదు.

జాబితాలో మా ఆయన పేరు కొట్టేయలేదు. కాకపోతే ఆయన కాగితాల్లో 'పని నెమ్మది' అని ఎవరో రాశారు. తోటివాళ్ళు జమేదార్లయి ముసలివాళ్ళయ్యాక గానీ ఆయనకు ఆ హోదా పట్టీ రాలేదు. ఆయన దానికి బాధపడ్డట్టు నాకు కనిపించలేదు. నెమ్మదిగానే చేశాను కదా అనేవాడు.

పింఛనుకు వచ్చాక ఇబ్రహీంపట్నంలో మా ఇల్లు అడగాలంటే చదువు జమేదారు ఇల్లు అంటే చాలు. కౌలు కాగితం, కోర్టు నోటీసు, సంఘం తీర్మానం, ఏదైనా పట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు. ఈమధ్య కొంగరకలాన్ దిక్కు చేనులన్నీ ప్లాట్లవుతున్నప్పటి నుంచి అగ్రిమెంట్లు ఎక్కువయ్యాయి. తొంభై ఏళ్ళ మనిషి భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ చదివేవాడు. సగం మంది విని కాగితం మడిచి ఇంటికి పోయేవాళ్ళు. మరి పెట్టాల్నా వద్దా జమేదారు బాపూ అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"చదువుడు నాది. ఏలు నీది."

ఆ రోజు గిర్నీలో నేను నేర్చుకున్నది అదే. చదివి వినిపిస్తే మేలు జరుగుతుందని కాదు. పోశవ్వకు ఆ రోజు కీడు కూడా జరిగి ఉండొచ్చు. ఏది జరిగినా, తన వేలు దేని మీద పడుతోందో తెలిసి వేసే హక్కు ఆమెది. దాన్ని ఆమె చేతికి ఇవ్వడం వరకే పోలీసు పని. నేను దవాఖానలో ఆ కాగితం చదివించుకుని ఉన్నా సంతకం పెట్టేదాన్నే. కానీ ఆయనకు నిజం చెప్పేదాన్ని.

కవితా, ఇగ చాలు. నేను మన మాటల చెప్పిన, నువ్వు బడి భాషల రాసినవ్. అండ్ల నేను అననిది ఏమన్న ఉందో, అన్నది ఏమన్న పోయిందో నాకెట్ల తెలుస్తది? సంతకానికి కలం అప్పుడే నాకియ్యకు, ఆగు. ముందుగాల మొదటికెల్లి చదివి ఇనిపియ్యి బిడ్డా. ఇంట.