సువార్త ఆంటీ అడిగిన తీరు

ఆఫీసులో పక్క సీటతను ఎనర్జీ డ్రింక్ డబ్బా తెరిచాడు. దగ్గుమందులాంటి ఆ తీపి పులుపు వాసన తగలగానే నాకు అమీర్‌పేటలోని మా హాస్టల్, వార్డెన్ సువార్త ఆంటీ గుర్తొచ్చారు.

ఆమె ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ. ఉదయం టిఫిన్ దగ్గర నిలబడి ఎవరు తినకుండా వెళ్తున్నారో చూసేవారు. అలా వెళ్లేవాళ్లలో నేనే మొదటిదాన్ని. మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, అది కాగానే మరోచోట ఇంకో కోచింగ్. రెండింటికీ సరిపోయే ఓపిక ఆ డబ్బాల్లో దొరుకుతుందనుకున్నాను. మొదట రోజుకొకటి తాగేదాన్ని. ఇంటర్వ్యూలు దగ్గరపడ్డాక హద్దు లేకుండా పోయింది. చేతులు వణికితే భయం వల్లనుకున్నాను. నిద్ర పట్టకపోతే చదువుకోవడానికి సమయం దొరికిందని సంతోషించాను.

ఒక మధ్యాహ్నం హాస్టల్ మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడింది. కూర్చున్నా తగ్గలేదు. ఆంటీ వచ్చి నా పక్కనే కూర్చుని, మణికట్టు పట్టుకుని గడియారం చూశారు. చదువు ఒత్తిడి అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు.

"ఏం తాగినవ్ బిడ్డా? తిట్టనీకి అడుగుతలేను. డాక్టర్‌కు చెప్పాలె."

"పొద్దుగాల నుంచి మూడు డబ్బాలు ఆంటీ. ఏం తినలే."

ఆటోలో పంజాగుట్టలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీసిన డాక్టర్, గుండె వేగంగా కొట్టుకోవడం తప్ప వేరే తేడా లేదని, ఖాళీ కడుపున అంత కెఫీన్ పడడం వల్లే ఇలా అయిందని చెప్పారు. సాయంత్రం దాకా ఉంచుకుని పంపారు. రోజుకు ఎంత మించకూడదో డబ్బా మీదే రాసి ఉంటుందని ఆయన అంటే తల దించుకున్నాను. తప్పులు వెతికే కోర్సు చదువుతూ ఆ చిన్న అక్షరాలు ఒక్కసారీ చదవలేదు.

నా అసలు భయం నాన్న. తెలిస్తే కోర్సు మానేసి మా ఊరు సిద్దిపేట వచ్చేయమంటాడు. ఇంట్లో చెప్పొద్దని ఆంటీని బతిమాలాను.

"నేను చెప్ప. మీ నాయనకు నువ్వే చెప్తవ్. నేను పక్కన కూసుంట."

చెప్పాను. నాన్న అంతా విన్నాడు. తర్వాత ఫోన్ ఆంటీకి ఇమ్మన్నాడు. ఆమె వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చారు. ఏమన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. కోర్సు మాత్రం ఆగలేదు. రెండో కోచింగ్ నేనే మానేశాను, డబ్బాలు కూడా. మొదటి వారం తలనొప్పి, చిరాకు. ఆంటీ రోజూ ఇడ్లీ ప్లేటు చేతికిచ్చి, రాత్రి ఎంతసేపు పడుకున్నానో అడిగేవారు. ఆమెకు అబద్ధం చెప్పాలనిపించేది కాదు. రెండు నెలలకు, కడుపు నిండా తిని వెళ్లిన ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ఆంటీ జహీరాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. తప్పు చేసిన మనిషిని బెదరగొట్టకుండా అడగడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మొన్న మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి పొరపాటున ఒక ఫైలు చెరిపేసింది. ఇంకెవరికీ తెలియకముందే తానే నా దగ్గరికొచ్చి ఆ సంగతి చెప్పింది. దాన్ని సరిచేయడానికి ఒక పూటంతా పట్టింది. అయినా ఆ రోజు నేను సంతోషంగానే ఇంటికి వెళ్లాను.