గోడ మీది పిడకలు

శాలిబండలో మా ఇంటి కింది భాగమంతా బర్రెల కొట్టం. పైన మేం ఉండేవాళ్లం. వాసన మెట్లెక్కి వచ్చేది. అందుకే అమ్మ నా కాలేజీ బట్టల్ని మా ఇంట్లో ఆరనిచ్చేది కాదు. సందు చివర టైలర్ భాయ్ వాళ్ల డాబా మీద ఆరేసి, తెచ్చి మడతపెట్టి, సబ్బు ముక్కలు వేసిన రేకుపెట్టెలో దాచేది. నేను బయల్దేరే ముందు చున్నీ కొస పట్టుకుని వాసన చూసేది. కొట్టంలో నన్ను అడుగు పెట్టనిచ్చేది కాదు.

"నీ చేతులు పెండ పిసుకుడుకు గాదు బిడ్డా" అనేది. ఆ మాట వింటే గర్వంగానూ ఉండేది, ఒళ్లూ మండేది.

యూనివర్సిటీలో బొమ్మలు వేయడం చదివాను. ఆఖరి ఏడాది తలా ఒక గది ఇచ్చారు. ఆ గోడల్నీ నేలనీ వాడుకుని, ఆ గదికి మాత్రమే చెల్లేలా ఏదైనా చేయాలి. పరీక్ష కాగానే తీసేయాలి. దాన్నే ఇన్‌స్టలేషన్ అంటారు. నాకు దక్కింది పాత సామాన్ల గది. కిటికీ లేదు. అయినా నాకంటూ ఉన్న మొదటి గది కదా, తాళంచెవి చూసుకుని మురిసిపోయాను. తెల్లటి పల్చని గుడ్డలు వేలాడదీసి, ఫ్యాను గాలికి కదిలేలా చేద్దామనుకున్నాను.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారు మా సార్. "మీది పాలవ్యాపారం కదా. అది తీసుకురా."

ఎన్ని కొత్త ఆలోచనలతో వెళ్లినా తిప్పితిప్పి బర్రెల దగ్గరికే తెచ్చేవారు. మిగతావాళ్లని ఇళ్ల గురించి అడగలేదు. పాసవ్వాలంటే నాకు వేరే దారి కనిపించలేదు.

అమ్మకు తెలియకూడదని ఊరి చివర జల్‌పల్లి నుంచి ఆటోలో పెండ తెప్పించాను. పిడకలు కొట్టడం చూశానే తప్ప నేనెప్పుడూ చేయలేదు. నాలుగు గోడలకూ పిడకలు కొట్టి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాను. తలుపు వేస్తే ఊపిరాడేది కాదు. ఇంటి నుంచి పారిపోయి మళ్లీ కొట్టంలోనే పడ్డానని ఏడుపొచ్చేది.

పరీక్ష రోజు తనూ వస్తానంది అమ్మ. వద్దనలేకపోయాను. గోడలకు ఏదో చేశానని మాత్రం చెప్పాను. రెండుసార్లు స్నానం చేసి, పౌడరు రాసుకుని, పెట్టెలోని పట్టుచీర కట్టుకుంది. బస్సులో కొంగు నా ముక్కు దగ్గర పెట్టి, "వాసనొస్తుందా?" అని అడిగింది. రావడం లేదన్నాను.

గది గడపలో ఆగిపోయింది.

"గివెవరు కొట్టిండ్రు?"

"నేనే."

లోపలికొచ్చి కొంగు దోపుకుంది. ఎండిన పిడకని గోడకి వదిలేయడం మా ఇళ్లల్లో ఏ ఆడమనిషికీ చేతకాదు. ఒక్కొక్కటీ ఊడదీసి కింద పేర్చసాగింది.

"అమ్మా, తియ్యకు. సార్లు చూడాలె."

"ఎండినయి గద" అంది, చెయ్యి ఆపకుండా.

అంతలో పరీక్షకులు వచ్చారు. సార్ మొహం వెలిగిపోయింది. "అమ్మగారిని కూడా ఇందులో పెట్టావా. చాలా బాగుంది."

"లేదు సార్. చూడ్డానికొచ్చింది."

"ఇంకా మంచిది. కానివ్వండమ్మా, ఆపకండి."

అందరూ తలుపుకి అడ్డంగా నిలబడి ఫోన్లు తీశారు. అమ్మ చేతిలో పిడకతో నా వంక చూసింది. పోదాం పద అని చెయ్యి పట్టుకున్నాను. తలుపు దగ్గర ఒక్కరూ కదలలేదు. దారిలేక అమ్మ మళ్లీ గోడ వైపు తిరిగింది. చెమటకి పౌడరు చారలు కట్టింది. చివరి పిడక దాకా అలాగే ఊడదీసింది.

అందరికంటే నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. తిరుగు బస్సులో అమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

"ముందుగాల చెప్తే అయిపోవు గద" అంది. "ఊకెనే రెండుసార్లు తానం జేసిన."

మర్నాడు పొద్దున కిందికి దిగాను. నా కాలేజీ బట్టలు కొట్టంలో తాడు మీద, బర్రెల నెత్తిన ఆరుతున్నాయి.