శిరివెళ్ల దాకా నేర్చుకున్న ఊపిరి

పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించుకుందామని నంద్యాల వెళితే, మత్తుమందు డాక్టరు నా వీపుకు స్కానింగ్ యంత్రం ఆనించి చూసి వాయిదా వేశారు. ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా తెరుచుకోవడం లేదని, ఇలాగే కోస్తే తర్వాత ఊపిరాడక ఇబ్బంది పడతానని చెప్పి, మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చి పంపారు. గొట్టంతో గాలి పీలిస్తే ఆ బంతులు పైకి లేవాలి.

ఆళ్లగడ్డ బస్సులో పీల్చి చూశాను. ఒక్క బంతీ కదల్లేదు. భయంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క సీట్లో ఉన్నావిడ అంతా చూస్తూనే ఉంది. "భుజాలు ఎత్తుతాండావక్కా. ఊపిరి యాడికి పోతాది? పొట్టలోకి పీల్చాల. చర్చిలో మేం పాడేది అట్లే" అంది. నా చేయి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుని, మెల్లగా ఒక కీర్తన అందుకుంది. ప్రతి పాదానికీ ముందు ఊపిరి తీసుకున్నప్పుడు ఆ పొట్ట నా అరచేతిని ముందుకు నెట్టేది.

శిరివెళ్ల వచ్చేసరికి నాకు రెండు బంతులు లేచాయి.

"చాల్లే, మూడోది ఇంట్లో లేపుకో" అని ఆమె దిగిపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ స్కానింగ్ చేసి డాక్టరు సరేనన్నారు. ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పటికీ చర్చి ముందు నుంచి వెళుతుంటే, పాట కంటే ముందు పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడమే నాకు వినిపిస్తుంది.