నా ఎడమకాలి చదువు

పరుగెత్తే మోటారుసైకిలు మీద నుంచి పడ్డవాళ్లు మీ ఎరుకలో చాలామంది ఉంటారు గానీ, ఆగి ఉన్న బండి మీద నుంచి, అదీ బుద్ధిగా ఎర్రలైటు దగ్గర ఆపుకొని, హాయిగా కూర్చుని, ఎవరూ గుద్దకుండా, ఎవరూ తోయకుండా, మొదలు నరికిన చెట్టులాగా మెల్లగా పక్కకు ఒరిగిపోయిన మహానుభావుణ్ణి చూసి ఉండరు. చూడాలని ఉంటే నల్లగండ్లకు రండి, నేనే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న కొత్తగూడ సిగ్నల్ దగ్గర బండి ఆపి, అలవాటు ప్రకారం ఎడమకాలు దభీమని నేలకేసి కొట్టాను. వెనకాల కూర్చున్న సవారీ, కోకాపేటలో ఏదో కంపెనీలో పనిచేసే కుర్రవాడు, ఉలిక్కిపడి, అంకుల్ మీరు మిలిటరీలో చేశారా అని అడిగాడు. అవును నాయనా, మా కోడలి మిలిటరీలో అన్నాను. అతనికి అర్థం కాలేదు, మళ్లీ చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. అతనికి చెప్పనిది మీకు చెప్తాను, ఎందుకంటే మీరు నా ఈడువాళ్లు, మీ ఇళ్లలోనూ ఎవరో ఒకరు కుర్చీ చూపించి ఇక కూర్చోండి అంటూనే ఉంటారు.

నాకు చదువు అబ్బలేదన్న సంగతి దాచేదేం కాదు. ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను తరగతి బయట నిలబెడితే, బయటే బాగుందనిపించి అటునుంచి అటే వెళ్లిపోయాను. పెళ్లికి ముందే ఆటో హ్యాండిల్ పట్టుకున్నాను. అప్పట్లో మాదాపూర్ అంటే రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు, పొద్దుగూకితే నక్కల కూతలు. కూకట్‌పల్లి నుంచి ఇటు రమ్మంటే తిరుగు సవారీ దొరకదని ఆటోవాళ్లు ముఖం తిప్పుకొనేవారు, నేను మాత్రం, పుట్టింది ఇటువైపే గనక, గాలి బాగుంటుందని వచ్చేవాణ్ణి. తరువాత గుండ్లు పగిలాయి, అద్దాల మేడలు లేచాయి, మెడలో బిళ్లలు వేసుకున్న పిల్లలు దిగి, అంకుల్ ఫలానా ఆఫీసు ఎక్కడ అని నన్నే అడిగేవారు. ఏ గుండు ఉన్న చోట ఏ మేడ లేచిందో నాకు తెలుసు కాబట్టి ఎవరూ దారి తప్పకుండా దింపాను.

అలా ముప్పై ఏళ్లు నడిపాను గదా, నా ఒళ్లంతా ఆటోకు తగ్గట్టు తయారైంది. మా పాత ఆటోల్లో గేరూ క్లచ్చూ రెండూ ఎడమచేతి కిందే ఉండేవి, ఆ చెయ్యి పిడిని మెలితిప్పితే గేరు పడేది, బ్రేకు కుడికాలిది. ఎడమకాలికి ఏ పనీ లేదు. అందుకని దాన్ని మడిచి సీటు మీద పెట్టుకొని కూర్చునేవాణ్ణి, నిజాం జమానా నవాబులాగా. ఆ నవాబే తరువాత నా పరువు తీశాడు.

కరోనా తగ్గేసరికి ఆటో ముసలిదైపోయింది, నేనూ యాభై దాటాను. మెకానిక్ దాని ఇంజను మీద చెయ్యి వేసి, నాడి చూసిన డాక్టరులాగా తల అడ్డంగా ఊపాడు. ఆటోను పాత సామాన్ల వాడు తీసుకుపోయిన సాయంత్రమే ఇంట్లో నా మీద పంచాయితీ పెట్టారు. మా అబ్బాయి, ఇక చాలు నాన్నా ఇంట్లో ఉండు అన్నాడు. మా బామ్మర్ది కోకాపేటలో ఒక పెద్ద టవరు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకు పెద్దమనిషి. వాడు వస్తూ వస్తూ నా కొలతల డ్రెస్సు కూడా పట్టుకొచ్చి కొక్కేనికి తగిలించాడు. మా ఇంటామె తమ్ముడి పక్షం. గేటు పని తక్కువదని నేననను, ఆ పనితోనే మా బామ్మర్ది ఇద్దరాడపిల్లల్ని చదివించాడు. కానీ నేను పుట్టిన నేల మీద లేచిన మేడకు వచ్చేపోయే కార్లను చూసుకుంటూ, ఒక్కచోట నిలబడి, రోడ్డు అటు పోతుంటే నేను ఇటు ఉండిపోవడం నావల్ల కాదు. నాకు రోడ్డు కావాలి. అందుకే, మోటారుసైకిలు నేర్చుకుంటా, సవారీలు తిప్పుతా అన్నాను.

అందరూ కడుపుబ్బ నవ్వారు. మా ఆమె అయితే, “కాళ్లతోని నడిస్తెనే తూలుతవ్, రెండు చక్రాల మీద ఏం నిలవడతవయ్యా” అంది. బామ్మర్ది నవ్వు ఆపుకొని, దసరా దాకా ఆ జాగా ఎవరికీ ఇయ్యను బావా, అప్పటికి లైసెన్సు రాకపోతే నోరు మూసుకొని డ్రెస్సు తొడగాలె అన్నాడు. తొడుగుతా అన్నాను. ఆ మాట మీద చేతులు కలుపుకున్నాం.

నవ్వనిది ఒక్క మా కోడలే. కూకట్‌పల్లి పిల్ల, వాళ్ల నాన్న గోదావరి ప్రాంతం నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి అక్కడ ఉండిపోయాడు. ఆడపిల్లకు స్కూటీ చాలదా అని వాళ్లింటిల్లిపాదీ ఒకప్పుడు నవ్వితే, పట్టుబట్టి గేర్ల బండే నేర్చుకొని ఆఫీసుకు దాని మీదే పోయే మనిషి. మా అబ్బాయి రెండు టిఫిను డబ్బాలు ఒళ్లో పెట్టుకొని వెనకాల కూర్చుంటాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “ఆదివారం పొద్దున్నే లేవగలరా మామయ్యగారూ” అని మాత్రం అడిగింది.

అప్పట్లో కోకాపేటలో రోడ్లు ముందు వచ్చి మనుషులు వెనక రావడం గనక, సగం కట్టిన టవర్ల మధ్య కొత్త తారురోడ్డు ఖాళీగా పడి ఉండేది. మొదటి ఆదివారం బండి కదిలించాను, ఎడమచెయ్యి దానంతటదే పిడిని మెలితిప్పింది, గేరు ఎక్కడిది, అది ఉత్త రబ్బరు. ఆమె పక్కనే పరుగెత్తుతూ, గేరు కాలితోనండీ, కాలితోనండీ అని అరుస్తోంది. సరేనని కాస్త దూరం పోయి, గౌరవంగా బ్రేకు వేసి ఆపి, సీటు మీద సర్దుకొని కూర్చున్నాను. ఆకాశం పక్కకు తిరిగింది.

“ఆపాక కాలు కింద పెట్టాలండి,” అంది ఆమె బండి లేపుతూ.

“ముప్పై ఏండ్లల్ల ఒక్కసారన్న పెట్టిన్నా బిడ్డా?”

“దానికి మూడో చక్రం ఉందండి. దీనికి మీ కాలే మూడో చక్రం.”

మాట బాగానే ఉంది గానీ కాలికి ఎక్కాలి గదా. మళ్లీ పడ్డాను. ఆ మర్నాడూ పడ్డాను, అదీ నలుగురూ చూస్తుండగా ఎర్రలైటు దగ్గర. పడటం ఒక్కటైతే పరవాలేదు, రోడ్డు పక్కన ఎవరు చెయ్యి ఎత్తినా బండి ఆపి, ఎక్కడికి అని అడిగి, ఆ తరువాత పడేవాణ్ణి. సందు దొరికినా దూరకుండా ఆటో పట్టేంత వెడల్పు వదిలి నిలబడితే, వెనక బండ్లవాళ్లు నన్ను హారన్లతో తిట్టేవారు. సీటు మీద కాలు మడిచేసే రోగం సరేసరి.

అప్పుడు మా కోడలు మిలిటరీ మొదలుపెట్టింది. టీవీ ముందు కూర్చుంటే ఎడమకాలి దగ్గర రబ్బరు చెప్పు పెట్టి, దాన్నే గేరనుకొని పైకీ కిందికీ వేయించేది. అన్నం తింటున్నా, పేపరు తిప్పుతున్నా, వంటింట్లోంచి హఠాత్తుగా “ఆపండి” అనేది. అన్న తక్షణం నా ఎడమకాలు నేలకు తగలాలి. నేనూ పట్టుదల మనిషినే కాబట్టి గట్టిగా కొట్టేవాణ్ణి. కింది ఫ్లాటాయన పైకొచ్చి, మీ ఇంట్లో ఏమైనా దంచుతున్నారా అండీ అని అడిగిపోయాడు. మా ఆమె ఇవన్నీ చూస్తూ కొక్కేనికున్న డ్రెస్సు మీద దుమ్ము దులిపేది. ఆ దులపడం చూస్తే నాకు రోషం పొడుచుకొచ్చి ఇంకోసారి బండి తాళాలు అడిగేవాణ్ణి.

లైసెన్సు పరీక్ష రానే వచ్చింది. నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంటుంది, దాని మీద కాలు కింద పెట్టకుండా బండి తిప్పాలి. కాలు పెట్టొద్దంటే నాకంటే మొనగాడెవడు. నా ముందున్న నిక్కర్ల పిల్లలు ఒక్కొక్కడూ మలుపులో కాలు ఆనించి బయటికి పోతుంటే, నేను ఎనిమిదిని వెన్న పూసినట్టు తిప్పి, జనం చూస్తుండగా ఇన్‌స్పెక్టరు గారి ముందుకొచ్చి ఆపి, నమస్కారం సార్ అని రెండు చేతులూ జోడించాను. జోడించిన చేతులతోనే ఆయన బూట్ల పక్కన పడుకున్నాను. ఆయన మంచివాడు, నవ్వలేదు. దెబ్బ తగిలిందా అని అడిగి, మళ్లీ రమ్మన్నాడు.

ఆ సాయంత్రం బామ్మర్ది వచ్చి డ్రెస్సు పైన టోపీ కూడా తగిలించిపోయాడు. దసరా దగ్గరికొచ్చేసింది, మళ్లీ పరీక్షకు మిగిలింది ఇంకొక్క మోకా. ఒప్పుకోకూడదు గానీ ఆ వారం నాకు అన్నం సయించలేదు. టోపీ నన్నే చూస్తున్నట్టుండేది. నేనూ దాన్నే చూసి, నువ్వెంత సేపైనా వేలాడు, నా తల మాత్రం దొరకదు అనేవాణ్ణి.

రెండోసారి మా ఆమె కూడా వచ్చింది, ఎందుకొచ్చిందో చెప్పలేదు. ఎనిమిది సరిగ్గానే తిరిగింది. ఆఖరి మలుపు తిరిగేసరికి, ఇన్‌స్పెక్టరు వెనకాల కంచె అవతల మా కోడలు నిలబడి, చుట్టూ జనం ఉన్నారన్న సిగ్గు లేకుండా, ఎడమకాలితో నేలను టపటపా కొడుతోంది. ఆమె పక్కన మా ఇంటామె, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకొని, తమ్ముడి పక్షం మనిషి, తనూ కొడుతోంది. బండి ఆపాను. కాలు దానంతటదే పోయి నేలకు తగిలింది. నిలబడ్డాను.

నా మొదటి సవారీ మా బామ్మర్దే. డ్యూటీ డ్రెస్సులో వాణ్ణి వెనకెక్కించుకొని పోయి వాడి గేటు ముందే దింపాను. దిగి, అలవాటు కొద్దీ నాకు సెల్యూట్ కొట్టి, కొట్టాక గానీ గుర్తురాక, “ఇగ పో బావా” అని నవ్వాడు. కొక్కేనికున్న డ్రెస్సు మరొకాయనకు సరిపోయింది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. బండి నా మాట వింటోంది, నేను దాని మాట వింటున్నాను, కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా ఒక్కోసారి ఆటో గుర్తొస్తుంది. ఆ రోజుల్లో వెనక సీట్లో ఎక్కినవాళ్లు ఇంటి గోడు చెప్పుకునేవారు, మొగుడూ పెళ్లాలు నన్ను మధ్యవర్తిని చేసుకొని పోట్లాడుకునేవారు, దారి నన్ను అడిగేవారు. ఇప్పుడు దారి ఫోను చెప్తుంది, సవారీ తలకో హెల్మెటు, నా తలకో హెల్మెటు, రెండూ టక్కున తగిలినప్పుడు తప్ప ఒకరి మాట ఒకరికి వినపడదు. ఒకప్పుడు నేను గుర్తులుగా పెట్టుకొని దారులు చెప్పిన గుండ్లు ఏవీ లేవు, వాటి పేర్లు అడిగేవాళ్లూ లేరు. ఆదివారం మా ఆమెను లింగంపల్లి కూరగాయల మార్కెట్టుకు తీసుకుపోతాను. ముప్పై ఏళ్లు ఆటోలో వెనకాల దూరంగా కూర్చున్న మనిషి, చీర కట్టు కాబట్టి ఒక పక్కకు తిరిగి, ఇప్పుడు నా భుజం పట్టుకొని కూర్చుంటుంది. అదొక్కటి లాభం.

పోయిన వారం మార్కెట్టులో కొత్త చెప్పులు కావాలంది. ఆరు నెలలు కాలేదు, చూస్తే ఒక చెప్పు కొత్తగానే ఉంది, రెండోదాని ముందుభాగం మాత్రం పూర్తిగా అరిగిపోయింది. ఒంటికాలి మీద నడుస్తున్నవా ఏంది అని ఎగతాళి చేశాను. ఆమె సంచీ నా చేతికిచ్చి, నా ముఖం కూడా చూడకుండా చెప్పుల జతలు తిరగేస్తూ అంది:

“నువ్వు కాలు వెడ్తవో మరుస్తవో అని ప్రతి సిగ్నల్ కాడ నీకంటె ముందు నేనే వెడ్తున్న. అరగక ఏం జేస్తది?”