రాసేదట్ల, చదివేదిట్ల

డెబ్బైలలో ఉదయగిరిలో మాకు తెలుగు చెప్పిన కొండలయ్య అయ్యవారిది జలదంకి దగ్గర చెరువు పక్క పల్లె. వాళ్ల నాయన చేపలు పట్టేవాడు.

శనివారం చివరి పీరియడ్‌లో అయ్యవారు బీరువాలోంచి ఒక కథల పుస్తకం తీసి చదివేవారు. పుస్తకంలో 'తాత కొండెక్కాడు, మేక ఎక్కడుందో వెతికాడు' అని ఉంటే, ఆయన నోట 'తాత కొండెక్కినాడు, మేక యాడుండాదో ఎతికినాడు' అని వచ్చేది. ఆ తాత మా ఊరి దుర్గం కొండే ఎక్కుతున్నాడనుకునేవాళ్లం. సగంలో ఆపి, "మిగతాది మీరే చదువుకోండిరా" అని పుస్తకం మా మధ్య పెట్టేవారు. దానికోసం కొట్టుకునేవాళ్లం.

ముందు లాక్కునేది మునీరా. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నాయన మహబూబ్ బాషా కొయ్య చెంచాలు చెక్కేవాడు. ఏడోక్లాసుతో బడి మానిపించాలనుకున్నాడు గానీ, చెంచాలు చెక్కేటప్పుడు కూతురు పక్కన కూర్చుని కథలు చదువుతుంటే ఆ మాట ఎత్తడం మానేశాడు.

ఆ పీరియడ్ లెక్కలకు ఇవ్వమని హెడ్‌మాస్టరు పోరుతున్న రోజుల్లో ఇన్‌స్పెక్టర్ వచ్చారు. పిల్లలు చదవడం వింటే ఆయనే ఒప్పుకుంటారని అయ్యవారి ఆశ. మునీరాను లేపారు. అచ్చం అయ్యవారిలాగే గలగలా చదివింది. ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి పుస్తకంలోకి తొంగిచూశారు.

"ఏమ్మా, 'ఎక్కినాడు' అని ఉందా ఇక్కడ?"

"లేదు సార్. రాసేదట్ల. చదివేదిట్ల."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"ఎవరు చెప్పారు?"

"మా అయ్యోరు!" ఎంత గర్వంగా చెప్పిందో.

"అచ్చులో ఉన్నది చదవడం రానివాళ్లకు కథలెందుకండీ?" అన్నారాయన అయ్యవారితో. శనివారం పీరియడ్ లెక్కలకు పోయింది. బీరువా తాళం హెడ్‌మాస్టరు దగ్గరికి పోయింది. వేసవి సెలవుల్లో అయ్యవారిని ఆత్మకూరుకు బదిలీ చేశారు.

"నా నోటివల్లే పోయినాడు అయ్యోరు" అని మునీరా బడికి రావడం మానేసింది. వాళ్ల నాయన కూడా పొమ్మని చెప్పలేదు.

చాలా ఏళ్లకు, ఎనభైలలో, అయ్యవారు ఉదయగిరి వచ్చి మునీరా ఇల్లు చూపించమన్నారు. తీసుకుపోయాను. మునీరా గరుకు కాగితంతో చెంచాలు రుద్దుతోంది. ఆయన సంచిలోంచి అదే కథల పుస్తకం తీశారు, ఎక్కడ దొరికిందో.

"చదువు తల్లీ, వింటా."

మునీరా కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. 'తాత కొండెక్కాడు. మేక ఎక్కడుందో వెతికాడు.' మెల్లగా, మాట మాటకూ వేలు పెట్టి, పక్కన ఎవరో నిలబడి చూస్తున్నట్టు చదివింది.

"తప్పుల్లేవు కదా అయ్యోరూ?"

"లేవమ్మా." ఆయన పుస్తకం మీద పడ్డ కొయ్యపొట్టు ఊదారు. "మిగతాది నువ్వే చదువుకో" అన్నారు.

మునీరా పుస్తకం మూసి ఆయన సంచిలోనే పెట్టింది. "గిరాకీ ఉండాది అయ్యోరూ. తీరిక యాడిది?"

ఆత్మకూరు బస్సు వచ్చేదాకా ఆయన బస్టాండులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.