మారెక్క బావిలో తాబేలు

ఓబులప్ప కట్టిన పాటలను ఒక పెద్దమనిషి పుస్తకంగా అచ్చు వేసుకున్నాడు. అందులో ఓబులప్ప పేరు లేదు. ముందు ఈ మాట చెప్పి, మిగతాది తరువాత చెబుతాను. ఓబులప్ప మంచితనంతో మొదలుపెడితే వినేవాళ్లు ఆ మంచితనం దగ్గరే ఆగిపోతారు, అన్యాయం దాకా రారు. ఈ ఉదయం మా కోడలు నీళ్ల కడవకు తడి గోనెపట్టా చుట్టింది. ఆ వాసన తగలగానే నాకు ఓబులప్ప భుజం గుర్తొచ్చింది. కరువు ఏళ్లలో ఎండాకాలమంతా ఆ భుజం మీద తడి గోనెసంచి ఉండేది. సంచిలో తాబేలు ఉండేది.

ఓబులప్ప బావులు తవ్వేవాడు, పూడిక తీసేవాడు. కర్ణాటకలోని పావగడ తాలూకాలో మా చుట్టుపక్కల ఆయన దిగని బావి లేదు. నేను గట్టు మీద నిలబడి గిలక తాడుతో మట్టి గంపలు లాగేవాణ్ణి. చుట్టరికం లేకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. మా వైపు కొత్త బావిలో నీళ్లు పడగానే ఒక తాబేలును వదిలేవాళ్లు, నాచునూ పురుగునూ తిని నీటిని శుభ్రంగా ఉంచుతుందని. ఆ వదిలే పని ఓబులప్పదే. వదిలిన ప్రతి తాబేలు మీదా నాలుగు చరణాలు కట్టి, దానికి వినిపించిగానీ ఆయన పైకి వచ్చేవాడు కాదు. పాటలో ఆ ఊరి పేరు, బావిగలవాళ్ల పేరు తప్పకుండా ఉండేవి. ఏ బావిలోకైనా తొంగిచూసే ముందు ఒకసారి దగ్గేవాడు. లోపలున్నదానికి మనం వచ్చినట్లు తెలియాలి కదా అనేవాడు. ఆయనకు అక్షరం రాదు. నేను రెండో తరగతి దాకా కన్నడ బడికి పోయినవాణ్ణి. ఆయన తెలుగు పాటలను కన్నడ అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసిపెట్టేవాణ్ణి.

ఒకసారి నేనూ ఒక పాట కట్టి వినిపించాను. తాబేలు డిప్ప నల్లరాయిలాగా ఉందని, నడక ముసలివాడి నడకలాగా ఉందని పోల్చుకుంటూ పోయాను. ఆయన చేతిలో బీడీ ఆరిపోయేదాకా విన్నాడు.

“రాయి ఉండాది, ముసలాడు ఉండాడు, తాబేలు యాడప్పా? ఇంట్లో పెట్టి వచ్చినావా?” అన్నాడు.

తరువాత ఒక గంగాళంలో తాబేలును పెట్టి నన్ను దాని ముందు పూటంతా కూర్చోబెట్టాడు. అది దేని మాదిరి ఉందో తనకు అక్కర్లేదనీ, అది ఏం చేసిందో చెబితే చాలనీ అన్నాడు. మొదట ముక్కు బయటికి వచ్చింది. కన్ను రావడానికి చాలాసేపు పట్టింది. నేను కాలు కదిలించగానే రెండూ లోపలికి పోయాయి. అంతే చెప్పాను. ఆయన తల ఊపాడు. రాయడం గురించి నేను చదువుకున్న బడి ఆ గంగాళమే.

తరువాత వరుసగా వానలు పోయాయి. శెనక్కాయ పైర్లు పూత మీదే మాడిపోయాయి. బోరు బండ్లు వచ్చాక బావి తవ్వేవాణ్ణి పిలిచే దిక్కు లేకపోయింది. అయినా ఓబులప్ప ఎండిన బావుల్లోకి దిగి తాబేళ్లను తీసి, సంచిలో వేసుకుని, నీళ్లున్న బావి దొరికేదాకా ఊరూరూ తిరిగేవాడు. “ఓబులప్ప తాబేళ్లకు సంబంధాలు చూస్తా ఉండాడు” అని జనం నవ్వేవాళ్లు. మంగళవాడలో మారెక్క అనే ముసలామె బావి అడుగున బురద మాత్రం మిగిలింది. ఓబులప్ప అందులోని తాబేలును తీసి గట్టెక్కేసరికి ఆమె అడ్డం నిలబడింది.

“దాన్ని తీసుకొనిపోతే నా బాయి సచ్చినట్లే గదన్నా. రేపే నా కొడుకులు పూడ్చి శెనక్కాయ ఏస్తారు. ఉండనీ, ఆడనే ఉండనీ.”

ఓబులప్ప మళ్లీ దిగాడు. తాబేలు తనంతట తాను బురదలోకి దూరేదాకా పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి కిందినుంచి పాట వచ్చింది.

మంగళవాడ మారెక్క బాయిలో
మట్టిలో దాగిన తాబేలమ్మా,
నీళ్లొస్తే నీకు నేను చెప్తా,
నాకెవురు చెప్తారో నువ్వు చెప్పు.

మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తాడు పట్టుకుని నిలబడ్డానే గానీ లాగడం మరిచిపోయాను.

ఆ ఎండల్లోనే పట్నం నుంచి టేపురికార్డరుతో ఒక పరిశోధకుడు వచ్చాడు. శెనక్కాయలు ఒలిచే కళ్లంలో కూర్చోబెట్టి మధ్యాహ్నమంతా ఓబులప్పచేత పాడించుకున్నాడు. చివర్లో ఇవి ఎవరివని అడిగాడు. ఓబులప్ప సిగ్గుతో నేల చూస్తూ, “ఎవురివంటే ఏం చెప్పేది సార్, ఆ బాయిలవి” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అన్నీ ఈయనే కట్టాడని ఒక్క మాట అనలేదు. అంత చదువు ముందు నేనెంతటివాణ్ణి అనుకున్నాను. పరిశోధకుడు వెళ్లిపోయాక, పేరు చెప్పి ఉండాల్సిందని నసిగాను. ఓబులప్ప నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్లు చూశాడు.

“టేపులో నా గొంతు ఉండాది గదప్పా. గొంతు ఇంటే ఎవురో తెలీదా? మళ్లా పేరెందుకు?”

కొన్నేళ్లకు, ఆ పరిశోధకుడు రాసుకుపోయిన నా చిరునామాకు పుస్తకం వచ్చింది. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగువి కూడబలుక్కోవడం పెద్ద కష్టం కాదు. పేజీ పేజీ వెతికాను. పాటలన్నీ ఉన్నాయి. “మంగళవాడ మారెక్క బాయిలో” అన్నది “మా ఊరి మంచినీళ్ల బావిలో” అయింది. ప్రతి పాట కిందా కట్టినవాడు తెలియదని ఉంది. అట్ట మీద మాత్రం పరిశోధకుడి పేరు కొట్టొచ్చినట్లు ఉంది. అప్పటికి ఓబులప్ప మంచం పట్టాడు. పుస్తకాన్ని గుండెల మీద పెట్టుకుని, “నా పేరు యాడుండాదో చూపీప్పా” అన్నాడు. నేను ఆయన వేలు పట్టుకుని అట్ట మీద ఆ పరిశోధకుడి పేరు మీద పెట్టాను. ఆయన ఒక్కొక్క అక్షరాన్నీ తడిమాడు.

“ఇంత పెద్దగా ఏసినారే” అని నవ్వాడు.

ఆ నెలలోనే పోయాడు. నేను చూపించిన ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే తెలుగు రాయడం నేర్చుకున్నాను. పుస్తకం వేసిన సంస్థకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాను. ఎవరు పాడారో, ఏ బావి దగ్గరో, ఎవరెవరు విన్నారో అన్నీ రాశాను. టేపు తీసి ఆ గొంతు వినమని రాశాను. మారెక్క బావిని కొడుకులు ఎప్పుడో పూడ్చేశారు. ఆ చేను పక్కగా వెళ్లేటప్పుడు నేను ఇప్పటికీ ఒకసారి దగ్గుతాను. నిరుడు, ఇన్నేళ్లకు, జవాబు వచ్చింది. ఆ జవాబు ఇది:

“అయ్యా, మీ లేఖలు అందినవి. జానపద గేయాలకు కర్త ఉండడు. అవి ప్రజలందరివీ. కనుక పుస్తకంలో సవరించవలసినది ఏమీ లేదు. మీ ప్రాంతంలో తాబేళ్ల మీద ఇటువంటి పాటలు ఇంకా ఉన్నట్లయితే సేకరించి పంపగలరు.”