దిగుడులో బంద్ చేసిన ఇంజను

కిరాయికి తిప్పడానికి కారు కొనేటప్పుడు నా ముందు రెండు పాత బండ్లు ఉన్నాయి. ఒకటి ఏడుగురు కూర్చునే పెద్దది. రెండోది చిన్న డీజిల్ కారు, డోరుకు సొట్ట. నా మనసు పెద్దదాని మీదే ఉంది. నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"పెండ్లిళ్లకు తిరుగుతవా, దవాఖానకు పోతవా?" అంది.

కోస్గిలో మా వీధిలోనే ఉండే ఒక పెద్దమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మహబూబ్‌నగర్ దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. నేను కారు కొంటే నా బండిలోనే వస్తానంది. నాకు ఖాయంగా దొరికే కిరాయి అదొక్కటే. డీజిల్‌కు పోను అందులో మిగిలితేనే ఇల్లు నడుస్తుంది. అందుకే సొట్ట కారు కొన్నాను. డీజిల్ మిగలాలని టైర్లలో గాలి తగ్గకుండా చూసేవాణ్ణి. ఎయిర్ ఫిల్టరు విప్పి దుమ్ము దులిపేవాణ్ణి.

అది చాలదనిపించింది. అంతకుముందు చాలా ఏళ్లు వేరేవాళ్ల జీపు నడిపాను. అప్పుడు మా డ్రైవర్లందరికీ ఒక అలవాటు. రోడ్డు మీద దిగుడు రాగానే ఇంజను బంద్ చేసి, బండిని దాని బరువుకు వదిలేసేవాళ్లం. ఎవరు ఎంత దూరం అట్లా పోయారో చెప్పుకుని గొప్పలు పోయేవాళ్లం. కారులో కూడా అదే చేశాను.

ఒక పొద్దున పెద్దమ్మను తీసుకుపోతూ అట్లాగే బంద్ చేశాను. మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెలు. బ్రేకు ఒకసారి పట్టింది. రెండోసారికి రాయిని తొక్కినట్టు ఉంది. స్టీరింగు తిరగడం లేదు. బలమంతా పెట్టి లాగి, పక్కన కంపచెట్లలోకి పోనిచ్చాను. పెద్దమ్మ ముందు సీటుకు గుద్దుకుంది. రక్తం శుద్ధికి సూదులు పొడిచే చేతికి దెబ్బ తగలకుండా దాన్ని మాత్రం పైకి ఎత్తి పట్టుకుంది.

"హారన్ గొట్టనీకి గూడ బద్ధకమా నీకు?" అని గొర్రెలాయన అరిచాడు.

"బ్రేకులు ఫేలైనయి పెద్దమ్మా," అన్నాను. ఆమె తన చెయ్యి తడిమి చూసుకుంది.

ఇంజను మళ్లీ స్టార్టు చేసి, మెల్లగా పోయి ఆమెను దవాఖానలో దింపి, భయంభయంగా మెకానిక్ దగ్గరికి పోయాను. అతను బ్రేకులన్నీ చూసి నా మొహం చూశాడు.

"బ్రేకులకేం గాలే. బంద్ చేసి వదిలినవా? ఇది జీపు గాదు, ఇంజను నడుస్తెనే బ్రేకుకు, స్టీరింగుకు బలం. దిగుడుల గేరు ఉంచి, ఎక్స్‌లేటర్ మీద కాలు తీసెయ్. గప్పుడు డీజిలే తాగదు."

అంటే నేను మిగిల్చింది ఏమీ లేదు. ఊరికే ఆమె ప్రాణం మీదికి తెచ్చాను. చెప్తే ఇక నా బండి ఎక్కదేమో. చెప్పకపోతే, నన్ను నమ్మి వెనక కూర్చున్న మనిషిని అద్దంలో ఎట్లా చూడాలి? సాయంత్రం ఇంటి ముందు దింపాక చెప్పేశాను.

"బ్రేకులు మంచిగనే ఉన్నయి పెద్దమ్మా. నేనే ఇంజను బంద్ చేసిన."

"నాకెర్కే. ప్రతిసారి దిగుడుల ఇంజను చప్పుడు ఆగుతది. నాకు కిడ్నీలు పోయినయి గని చెవులు పోలే."

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"నీ బండి సంగతి నీకెర్కని ఊకున్న. పొద్దుగాల అబద్ధం జెప్పినవ్ సూడు, గప్పుడే ఇగ బస్సుకు పోవాలనుకున్న."

ఆమె గడప దగ్గర ఆగింది.

"మల్ల ఎన్నిటికి వస్తవ్?"

"ఆరుకు."

"ఐదున్నరకే రా. మెల్లగ పోదం."